వెయ్యిలో ఇద్దరు: పసిబిడ్డల చెవుడును ఎప్పుడు, ఎలా పసిగట్టాలి

మీ ఊరి ఆశా కార్యకర్తను ఒక మాట అడిగి చూడండి: పుట్టుచెవుడు ఉన్న పసికందును ఎప్పుడైనా చూశారా అని. చాలామంది కాసేపు ఆలోచించి లేదనే అంటారు. నిజమే చెబుతున్నారు. ఒక ఆశా చూసుకునేది సుమారు వెయ్యి జనాభాను. మన రెండు రాష్ట్రాల్లో వెయ్యి జనాభాకు ఏడాదికి పదహారు దాకా కాన్పులు అవుతాయి. పుట్టుకతోనే శాశ్వతమైన వినికిడి లోపం ఉండేది ప్రతి వెయ్యి మంది శిశువుల్లో ఒకరి నుంచి ముగ్గురికి. నడిమధ్యన ఇద్దరనుకుందాం. అంటే 500 కాన్పులకు ఒక బిడ్డ. ఏడాదికి 16 చొప్పున 500 కాన్పులు చూడాలంటే 31 ఏళ్లు పడుతుంది. ఉద్యోగంలో చేరిన రోజు నుంచి మానేసే రోజు దాకా ఆమెకు అలాంటి బిడ్డ ఒక్కరు తారసపడితే పడినట్టు.

ఇప్పుడదే లెక్కను పైనుంచి చూడండి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో కలిపి ఏటా 12 లక్షలకు పైగా పిల్లలు పుడతారు. వెయ్యికి ఇద్దరు చొప్పున 2,400 మంది. రోజుకు ఆరుగురో ఏడుగురో. ఈ రోజు కూడా మన రెండు రాష్ట్రాల్లో ఎక్కడో ఆరేడు ఇళ్లలో అలాంటి బిడ్డ పుట్టి ఉంటుంది, ఆ ఇంట్లో ఎవరికీ తెలిసి ఉండదు.

ఈ రెండు లెక్కల మధ్యనే అసలు చిక్కంతా ఉంది. రాష్ట్రం మొత్తానికి ఇది పెద్ద సంఖ్య, ఒక ఊరికి, ఒక ఇంటికి దాదాపు కనిపించని సంఖ్య. పది మందిని పెంచిన అమ్మమ్మ అనుభవం జలుబుకు, కడుపునొప్పికి, పాలు కక్కడానికి పనికొస్తుంది. ఎందుకంటే అవి ప్రతి ఇంట్లో కనిపిస్తాయి. 500 మందిలో ఒకరికి వచ్చేదాన్ని గుర్తుపట్టే అనుభవం ఎంత పెద్ద ముత్తైదువకైనా ఉండే అవకాశం లేదు. అందుకే ఈ లోపాన్ని కంటితోనో అనుభవంతోనో పట్టుకోవాలనుకోవడం వృథా. పుట్టిన ప్రతి బిడ్డకూ యంత్రంతో పరీక్ష చేయడం ఒక్కటే దారి.

"అదేమంత పెద్ద పని, చప్పట్లు కొడితే తెలిసిపోదా?" అనిపిస్తుంది. తెలియదు. చప్పట్లు కొట్టేటప్పుడు చేతులు కదులుతాయి, గాలి తగులుతుంది, నీడ పడుతుంది. వినపడని బిడ్డకు మిగతా ఇంద్రియాలు చురుగ్గా పనిచేస్తుంటాయి కాబట్టి కళ్లు తిప్పేస్తుంది. స్టీలు పళ్లెం నేల మీద పడేస్తే అదురు మంచం కోళ్ల గుండా బిడ్డ ఒంటికి చేరుతుంది. తలుపు ధడాలున వేసినా అంతే. బిడ్డ ఉలిక్కిపడుతుంది, ఇంట్లోవాళ్లు ఊపిరి పీల్చుకుంటారు, మరో ఆరు నెలలు గడిచిపోతాయి.

ఇంకో పెద్ద పొరపాటు కూడా ఇక్కడే జరుగుతుంది. చెవుడంటే ఏమీ వినపడకపోవడమే అనుకుంటాం. వినికిడి లోపం దీపం ఆరినట్టు ఒక్కసారిగా ఉండదు, మెట్లు మెట్లుగా ఉంటుంది. ఆ మెట్లను డెసిబెల్ అనే కొలతతో కొలుస్తారు. డెసిబెల్ అంటే చప్పుడు ఎంత గట్టిదో చెప్పే లెక్క. గుసగుస 30 డెసిబెళ్లు. మీటరు దూరంలో కూర్చుని మామూలుగా మాట్లాడితే 60. వంటింట్లో మిక్సీ 80 నుంచి 90. ఈ లెక్కలో ఒక మెలిక ఉంది: పది డెసిబెళ్లు పెరిగితే చప్పుడులోని శక్తి పదింతలవుతుంది. గుసగుసకూ మాటకూ తేడా రెండింతలు కాదు, వెయ్యింతలు.

దీన్ని ఇంటికి అన్వయించి చూద్దాం. ఒక బిడ్డకు 65 డెసిబెళ్లకు తక్కువ ఉన్న చప్పుళ్లేవీ అందవనుకోండి. మిక్సీ వేస్తే తల తిప్పుతుంది. దీపావళి టపాకాయకు ఏడుస్తుంది. వీధిలో లారీ హారన్‌కు ఉలిక్కిపడుతుంది. ఇవన్నీ చూసిన తల్లిదండ్రులు చెవులు బ్రహ్మాండంగా ఉన్నాయనుకుంటారు. కానీ అమ్మ పక్కన కూర్చుని చెప్పే "బుజ్జీ, ఇటు చూడు" అన్న మాట మాత్రం ఆ బిడ్డ చెవిని చేరదు. వినిపించాల్సింది మిక్సీ కాదు, మాట. కొందరికి లోపం సన్నని శబ్దాలకే పరిమితమై ఉంటుంది. ఆ బిడ్డలకు మాటలోని అచ్చులు వినిపిస్తాయి, స, శ, చ లాంటి హల్లులు జారిపోతాయి. పిలిస్తే పలుకుతారు గనక వాళ్ల లోపం మరీ ఆలస్యంగా, చాలాసార్లు బడిలో చేరాక బయటపడుతుంది. ఒక చెవే వినపడని పిల్లల సంగతీ ఇంతే.

"వినపడని బిడ్డ కేరింతలు కొట్టదు కదా" అన్న నమ్మకమూ నిలవదు. మొదటి నెలల్లో వినపడని బిడ్డలు కూడా ఏడుస్తారు, నవ్వుతారు, ఊఁకొడతారు. గొంతుకు ఏ లోపమూ లేదు. అందరు పిల్లలూ ఆరేడు నెలలకు "బాబాబా", "మామామా" అంటూ అక్షరాలు కలపడం మొదలుపెట్టినప్పుడు వీళ్లు వెనకబడతారు. అప్పటికి అర్ధ సంవత్సరం పోయింది.

ఆ అర్ధ సంవత్సరం పోతే ఏమవుతుంది? బిడ్డ మాట్లాడేది ఏడాదికి కదా, తొందరెందుకు?

మాట ఏడాదికి బయటికి వస్తుంది, లోపలికి వెళ్లడం మాత్రం కడుపులోనే మొదలవుతుంది. చెవి లోపల కాక్లియా అనే నత్తగుల్ల ఆకారపు భాగం ఉంటుంది. శబ్దాన్ని నాడీ సంకేతంగా మార్చేది అదే. గర్భంలో ఐదో నెలకే దాని నిర్మాణం దాదాపు పూర్తవుతుంది. ఏడో నెల వచ్చేసరికి శిశువు శబ్దాలకు స్పందిస్తుంది. పుట్టేనాటికి అమ్మ గొంతు గుర్తుపట్టగలుగుతుంది. వినపడే బిడ్డ తొలి మాట పలికేలోగా దాదాపు పదిహేను నెలల పాటు వింటూనే ఉంటుంది. ఆ వినికిడి మీదే మెదడులో భాషకు సంబంధించిన దారులు పడతాయి. ఆ దారులు తేలిగ్గా పడే కాలం మొదటి మూడేళ్లు, అందులోనూ మొదటి ఏడాది మరీ ముఖ్యం.

దీనికి గట్టి ఆధారం 1998లో వచ్చింది. అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో క్రిస్టీన్ యోషినాగా ఇటానో అనే పరిశోధకురాలి బృందం వినికిడి లోపమున్న 150 మంది పిల్లల భాషను పోల్చి చూసింది. ఆరు నెలల్లోపు లోపం బయటపడినవాళ్లు 72 మంది, ఆ తర్వాత బయటపడినవాళ్లు 78 మంది. మొదటి గుంపు భాషలో స్పష్టంగా ముందుంది. లోపం కొద్దిపాటిదైనా తీవ్రమైనదైనా, ఇంట్లో డబ్బున్నా లేకపోయినా ఆ తేడా నిలిచింది. ఇందులో నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచేది ఇదే: ఆ పిల్లల మధ్య గీత గీసింది చెవుడు ఎంత అన్నది కాదు, ఎప్పుడు తెలిసింది అన్నది. లోపం ఎంత ఉంటుందో మన చేతిలో లేదు. ఎప్పుడు తెలుసుకోవాలన్నది మన చేతిలో ఉంది.

అందుకే ప్రపంచమంతటా వైద్యులు ఒకటి, మూడు, ఆరు అనే గడువు పెట్టుకున్నారు. నెల నిండేలోగా తొలి పరీక్ష, మూడు నెలల్లోగా నిర్ధారణ, ఆరు నెలల్లోగా వినికిడి యంత్రమో మరో సాయమో మొదలుకావాలి. మన ఇళ్లలో గుర్తుపెట్టుకోవడం ఇంకా సులువు. ఇరవై ఒకటో రోజు బారసాల నాటికి తొలి పరీక్ష అయిపోవాలి. బోర్లా పడితే బొబ్బట్లు పంచుతాం కదా, ఆ బొబ్బట్లకు ముందే లోపం ఉందో లేదో తేలిపోవాలి. అన్నప్రాసన నాటికి, అవసరమున్న బిడ్డ చెవికి యంత్రం ఉండాలి.

ఇక పరీక్ష సంగతి. దీని పేరు ఓఏఈ. 1978లో లండన్‌లో డేవిడ్ కెంప్ అనే శాస్త్రవేత్త ఒక విచిత్రమైన విషయాన్ని కనిపెట్టారు: ఆరోగ్యంగా ఉన్న చెవి శబ్దాన్ని వినడమే కాదు, తానూ అతి చిన్న శబ్దాన్ని వెనక్కి పంపుతుంది. కాక్లియాలో వెలుపలి వరుసల్లో సుమారు 12,000 సూక్ష్మమైన రోమకణాలు ఉంటాయి. శబ్దం తగలగానే అవి కదిలి దాన్ని పెద్దది చేస్తాయి, ఆ కదలికలో పుట్టిన ప్రతిధ్వని చెవి బయటికి వస్తుంది. బిడ్డ చెవిలో చిన్న మెత్తటి బిరడా పెట్టి టిక్కుటిక్కుమనే శబ్దం పంపి, ఆ ప్రతిధ్వని వచ్చిందా లేదా అని యంత్రం చూస్తుంది. సూది లేదు, రక్తం లేదు, నొప్పి లేదు. పాలు తాగి నిద్రపోతున్న బిడ్డకైతే రెండు చెవులకూ కలిపి కొద్ది నిమిషాల్లో అయిపోతుంది. ప్రైవేటు ఆసుపత్రుల్లో కొన్ని వందల రూపాయలు తీసుకుంటారు.

యంత్రం తెర మీద రెండే మాటలు వస్తాయి: పాస్, లేదా రిఫర్. రిఫర్ అని వస్తే గుండె ఆగినంత పనవుతుంది. ఆ తల్లిదండ్రుల కోసం ఒక లెక్క చెబుతాను. ఆసుపత్రిని బట్టి అంకెలు మారతాయి, ఇది అర్థం కావడానికి వేసుకున్న లెక్క. వెయ్యి మందికి పరీక్ష చేస్తే మొదటిసారి 80 మందికి రిఫర్ వచ్చిందనుకోండి. ఎక్కువమందిలో కారణం చెవుడు కాదు. కాన్పులో చెవి గొట్టంలో చేరిన ఉమ్మనీరు, ఒంటి మీది తెల్లటి జిగురు, పరీక్షప్పుడు బిడ్డ ఏడుపు, గదిలో గోల. పుట్టిన ఒకటి రెండు రోజుల్లోనే చేస్తే ఇలాంటివి ఎక్కువ. రెండు మూడు వారాల తర్వాత మళ్లీ చేస్తే 80లో 70 మంది పాసవుతారనుకుందాం. మిగిలిన పది మందికి పెద్ద పరీక్ష చేస్తే చివరికి ఇద్దరికి లోపం ఉందని తేలుతుంది. కాబట్టి మొదటి రిఫర్ అప్పుడు బిడ్డకు నిజంగా లోపం ఉండే అవకాశం నలభైలో ఒకటి. రెండోసారీ రిఫర్ వస్తే ఐదింట ఒకటి. మొదటిదానికి ఏడవనక్కర్లేదు, రెండోదాన్ని వాయిదా వేయకూడదు. చాలా కుటుంబాలు దీనికి తలకిందులుగా చేస్తాయి: మొదటి రోజు బెంబేలెత్తిపోతాయి, పుట్టింటి నుంచి అత్తింటికి మారే హడావుడిలో రెండో పరీక్షకు రానే రావు. ఈ నలభైలో ఒకరు జారిపోయేది అక్కడే.

పెద్ద పరీక్షను మన దగ్గర బెరా అంటారు. తల మీద, చెవుల వెనక చిన్న బిళ్లలు అతికించి, శబ్దం పంపి, చెవి నుంచి మెదడు కాండం దాకా నాడిలో సంకేతం సాగుతోందా అని చూస్తారు. దీనికి బిడ్డ గాఢంగా నిద్రపోవాలి. రెండు మూడు నెలల బిడ్డ కడుపునిండా పాలు తాగితే తనంతట తానే నిద్రపోతుంది. ఏడాది దాటిన బిడ్డను నిద్రపుచ్చడానికి తరచూ మత్తు సిరప్ ఇవ్వాల్సి వస్తుంది. తొందరగా వెళ్తే పరీక్ష కూడా సులువు.

పాస్ అని వస్తే ఇక నిశ్చింతేనా? చాలామందికి అవును. కానీ రెండు మినహాయింపులున్నాయి. ఐదు రోజులకు మించి నవజాత శిశువుల ఐసీయూలో ఉన్న బిడ్డలకు ఓఏఈ ఒక్కటే చాలదు. కొందరిలో కాక్లియా బాగానే ఉండి దాని వెనక నాడి దగ్గర సంకేతం తెగుతుంది. ఓఏఈ అక్కడిదాకా చూడలేదు, బెరా చూస్తుంది. ఈ బిడ్డల్లో లోపం వెయ్యికి ఇద్దరు కాదు, అనేక రెట్లు ఎక్కువ. మరీ తక్కువ బరువుతో పుట్టడం, పుట్టగానే ఊపిరి అందకపోవడం, రక్తం మార్చాల్సినంత తీవ్రమైన పచ్చకామెర్లు, ప్రాణం కాపాడటానికి తప్పక వాడే జెంటామైసిన్, అమికాసిన్ లాంటి మందులు, ఇవన్నీ చెవి మీద ప్రభావం చూపగలవు. రెండో మినహాయింపు, లోపం తర్వాత మొదలయ్యే పిల్లలు. ఇంట్లో చిన్నప్పటి నుంచీ చెవుడు ఉన్నవాళ్లుంటే, బిడ్డకు మెనింజైటిస్ అనే మెదడు పొరల వాపు వస్తే, లేదా ఏ కారణం లేకుండానే ఏడాది దాటినా ఒక్క మాటా రాకపోతే, పుట్టినప్పుడు పాసైన కాగితం చూసుకుని ఆగిపోకండి. మెనింజైటిస్ తర్వాత కొందరిలో కాక్లియా గట్టిపడి ఎముకగా మారిపోతుంది కాబట్టి అక్కడ వారాలు కూడా లెక్కలోకి వస్తాయి.

"ప్రమాదమున్న బిడ్డలకే పరీక్ష చేస్తే సరిపోదా?" అని కొన్ని ఆసుపత్రులు కూడా అంటాయి. సరిపోదు. పుట్టుకతో లోపమున్న పిల్లల్లో దాదాపు సగం మందికి ఇలాంటి ఏ ప్రమాద సూచనా ఉండదు. నిండు నెలలతో, మూడు కిలోల బరువుతో, గట్టిగా ఏడుస్తూ పుడతారు.

కారణాల దగ్గర మన ఇళ్లలో ఎక్కువగా బాధపడేది తల్లి. గ్రహణంలో బయటికి వచ్చిందనీ, తినరానిదేదో తిన్నదనీ మాటలు పడుతుంది. నిజానికి పుట్టుచెవుడులో సగానికి పైగా జన్యువుల వల్ల వస్తుంది. అందులోనూ చాలావరకు, తల్లిదండ్రులిద్దరూ చక్కగా వింటూనే ఒక్కొక్క లోపభూయిష్టమైన జన్యువును మోస్తుంటారు. ఆ రెండూ బిడ్డలో కలిసే అవకాశం ప్రతి కాన్పుకూ నాలుగింట ఒకటి. అది తల్లి ఒక్కరి నుంచి వచ్చేది కాదు, ఇద్దరి నుంచీ రావాలి. వినికిడి లోపంతో పుట్టే పిల్లల్లో తొంభై శాతానికి పైగా తల్లిదండ్రులిద్దరూ వినగలిగినవాళ్లే.

మేనరికం లెక్క కూడా ఇక్కడే చెప్పుకోవాలి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు నాలుగింట ఒక పెళ్లి దగ్గరి బంధువుల మధ్య జరుగుతోంది. భర్తలో అలాంటి జన్యువు ఒకటి ఉందనుకోండి. భార్య అతని మేనత్త కూతురో మేనమామ కూతురో అయితే, అదే జన్యువు ఆమెలోనూ ఉండే అవకాశం ఎనిమిదింట ఒకటి. అక్క కూతురైతే నాలుగింట ఒకటి. బయటి సంబంధంలో ఇది చాలా తక్కువ. ఆపైన బిడ్డలో రెండూ కలిసే నాలుగింట ఒకటిని హెచ్చిస్తే, మేనరికంలో 32 మంది పిల్లల్లో ఒకరు, అక్క కూతురిని చేసుకుంటే 16 మందిలో ఒకరు. అదీ భర్తలో ఆ జన్యువు ఉంటేనే. మేనరికం చేసుకున్న చాలా జంటలకు చక్కగా వినే పిల్లలే పుడతారు. జరిగిపోయిన పెళ్లి గురించి నిందలు వేసుకోవడానికి కాదు ఈ లెక్క. మీది మేనరికమైతే, మొదటి బిడ్డకు లోపముంటే, రెండో బిడ్డ పుట్టగానే చెవి పరీక్ష తప్పక చేయించమని చెప్పడానికి.

పూర్తిగా ఆపగలిగిన కారణాలూ ఉన్నాయి. పిల్లల్లో వినికిడి లోపంలో 60 శాతం నివారించదగ్గ కారణాల వల్లేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఇందులో పుట్టాక వచ్చే చెవి చీము, మెదడు పొరల వాపు లాంటివి కూడా కలిసి ఉన్నాయి. గర్భం దాల్చిన మొదటి పన్నెండు వారాల్లో తల్లికి రుబెల్లా సోకితే అది శిశువుకు చేరే అవకాశం 90 శాతం దాకా ఉంటుంది. చేరితే చెవి, కన్ను, గుండె దెబ్బతినవచ్చు. తొమ్మిది నెలలు నిండాకా, 16 నుంచి 24 నెలల మధ్యనూ పిల్లలకు వేసే ఎంఆర్ టీకాలో ఆర్ అంటే ఈ రుబెల్లాయే. ఈ రోజు మీ కూతురికి వేయించే ఆ టీకా పాతికేళ్ల తర్వాత ఆమె బిడ్డ చెవిని కాపాడుతుంది.

లోపం ఉందని తేలిన రోజున ఇంట్లో వచ్చే మొదటి సలహా వస పోయమని. నాలుక కింద తీగ కోయించమనే సలహా రెండోది. రెండింటికీ జవాబు ఒకటే: నోటికి జబ్బు లేదు. వినని మాటను ఎవరూ పలకలేరు. మన భాషలోనే పెరిగిన మనం, ఎన్నడూ వినని భాష పలకలేనట్టే. వసతో, చెవిలో నూనెతో, గుడికి మొక్కుతో గడిచే ప్రతి నెలా ఆ బిడ్డకు భాష లేని నెల. మొక్కు మొక్కుకోండి, కానీ బెరా తేదీ దాటనివ్వకండి.

మొదట ఇచ్చేది చెవి వెనక తగిలించే వినికిడి యంత్రం. రెండు మూడు నెలల బిడ్డకు కూడా పెట్టవచ్చు. ఇక్కడ అసలు పని గంటల్లో ఉంది. ఏడాది బిడ్డ రోజుకు పది గంటలు మెలకువగా ఉంటుందనుకుంటే ఏడాదికి 3,650 గంటలు. వినే బిడ్డకు అన్ని గంటలూ మాటలు చెవిన పడతాయి. బిడ్డ లాగేస్తోందనో, చుట్టాలు చూస్తారనో యంత్రం నాలుగు గంటలే పెడితే ఏడాదికి 1,460 గంటలే అవుతాయి. వినే బిడ్డ ఒక ఏడాదిలో విన్నది వినడానికి ఈ బిడ్డకు రెండున్నరేళ్లు కావాలి. అందుకే నిద్ర, స్నానం తప్ప మిగతా వేళంతా యంత్రం చెవికే ఉండాలని నిపుణులు పట్టుబడతారు. చెవిలో అమరే మెత్తటి అచ్చు బిడ్డ పెరిగేకొద్దీ వదులై ఈలలు వేస్తుంది. మొదటి ఏడాదిలో దాన్ని పలుమార్లు మార్చాల్సి ఉంటుంది. ఈల వస్తే యంత్రం చెడిపోయిందనుకుని అటక ఎక్కించకండి. బ్యాటరీ వారం పది రోజులకు అయిపోతుంది, ఇంట్లో ఎప్పుడూ అదనంగా ఉంచుకోండి.

యంత్రం పెట్టాక మీరెక్కడ కూర్చుని మాట్లాడుతున్నారన్నదీ లెక్కే. దూరం రెట్టింపైన ప్రతిసారీ మాట ఆరు డెసిబెళ్లు పడిపోతుంది. మీటరు దూరంలో 60గా ఉన్న మీ మాట, వంటింటి గుమ్మం నుంచి నాలుగు మీటర్లు దాటి వచ్చేసరికి 48. అదే ఒళ్లో పెట్టుకుని జానెడు దూరంలో చెబితే 70 దాటుతుంది. అరవడం కంటే దగ్గరికి రావడం మేలు. టీవీ ఆపి, ఎదురుగా కూర్చుని, స్నానం చేయిస్తున్నా అన్నం కలుపుతున్నా చేస్తున్న పనిని మాటల్లో చెబుతూ ఉండాలి. దీనికి ఖర్చు లేదు, సెలవు పెట్టనక్కర్లేదు.

లోపం మరీ తీవ్రమై, కొన్ని నెలలు యంత్రం వాడినా ఫలితం లేకపోతే కాక్లియర్ ఇంప్లాంట్ గురించి ఆలోచిస్తారు. మామూలుగా ఏడాది నిండాక చేసే శస్త్రచికిత్స ఇది. కాక్లియాలోకి సన్నని తీగ పంపుతారు, దాని మీద 12 నుంచి 22 దాకా ఎలక్ట్రోడ్లు ఉంటాయి. బయట చెవి వెనక ఉండే యంత్రం శబ్దాన్ని వాటికి చేరవేస్తుంది. ఆపరేషన్ అయింది కాబట్టి రేపటి నుంచి మాట్లాడేస్తుందనుకునే తల్లిదండ్రులు ఇక్కడో అంకె చూడాలి: సహజమైన చెవిలో మెదడుకు శబ్దం చేర్చే లోపలి రోమకణాలు సుమారు 3,500. ఆ పనిని ఇరవై చిల్లర ఎలక్ట్రోడ్లు చేస్తున్నాయి. ఆ కొత్త శబ్దాన్ని మాటగా అర్థం చేసుకోవడం మెదడు నేర్చుకోవాలి. కోత మానాక కొన్ని వారాలకు యంత్రం స్విచ్ వేస్తారు, అప్పుడు మొదలవుతుంది అసలు పని. ఏళ్ల తరబడి వారం వారం వినికిడి శిక్షణ, ఇంట్లో రోజూ సాధన. శిక్షణ మానేస్తే లక్షల విలువైన ఇంప్లాంట్ కూడా చప్పుడు మాత్రమే వినిపిస్తుంది.

డబ్బు సంగతి. ఇంప్లాంట్‌కు లక్షల్లో అవుతుంది కానీ పేద కుటుంబం దాన్ని సొంతంగా మోయాల్సిన పని లేదు. ఉమ్మడి రాష్ట్రంలో 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పిల్లల కాక్లియర్ ఇంప్లాంట్లకు సాయం చేస్తూ వచ్చింది. ఇప్పుడు తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో పథకాలు నడుస్తున్నాయి. కేంద్రం తరఫున ఏడిప్ అనే పథకం ఉంది. దాని కింద వినికిడి యంత్రాలూ, అర్హులైన చిన్నపిల్లలకు ఇంప్లాంట్లూ ఇస్తారు. ముంబయిలోని అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ దీన్ని చూస్తుంది, దాని ప్రాంతీయ కేంద్రం సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో ఉంది. ఈ పథకాలన్నిటికీ వయసు పరిమితి ఉంటుంది, పైగా అది మారుతుంటుంది. నాలుగేళ్లకు తేలిన బిడ్డకు తలుపు మూసుకుపోవచ్చు. ఆలస్యం ఖరీదు ఇక్కడ నేరుగా రూపాయల్లో కనిపిస్తుంది. ఇంప్లాంట్ వచ్చాక కూడా వైర్లు, బ్యాటరీలు, మరమ్మతులు ఉంటాయి. అవి ఎవరు భరిస్తారో ఆపరేషన్‌కు ముందే అడిగి రాయించుకోండి.

ఇంప్లాంట్ వద్దనుకునేవాళ్లు, కుదరనివాళ్లు కూడా ఉంటారు. వాళ్లకు భారతీయ సంజ్ఞాభాష ఉంది. అది పూర్తిస్థాయి భాష, సొంత వ్యాకరణం ఉన్నది. సంజ్ఞలు నేర్పితే బిడ్డ మాట్లాడటం మానేస్తుందన్న భయానికి ఆధారం లేదు. బిడ్డ మెదడుకు కావాల్సింది సమయానికి ఒక భాష. అది చెవి నుంచి వచ్చినా కంటి నుంచి వచ్చినా, అసలే రాకపోవడమే ప్రమాదం. యంత్రం పెట్టుకున్న బిడ్డకు కూడా సంజ్ఞలు తోడవడంలో తప్పు లేదు.

పరీక్షకు ఎక్కడికి వెళ్లాలి? అమెరికాలోనో ఇంగ్లండ్‌లోనో పురుడు పోసుకున్న తెలుగు తల్లులకు ఈ ప్రశ్నే ఎదురుకాదు. అక్కడ బిడ్డ ఇంటికి వచ్చేముందో, వచ్చిన కొద్ది వారాల్లోనో అడగకుండానే పరీక్ష చేస్తారు. ఇంగ్లండ్‌లో 2006 నాటికే అది అందరికీ అందింది. మన దేశంలో 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద గుర్తించాల్సిన 30 ఆరోగ్య సమస్యల జాబితాలో పుట్టుచెవుడు ఉంది. దానికోసం జిల్లా స్థాయిలో సత్వర చికిత్సా కేంద్రాలు పెట్టారు. అక్కడా, హైదరాబాద్ కోఠిలోని ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రిలో, విశాఖ ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రిలో, బోధనాసుపత్రుల్లో అడగవచ్చు. కానీ జాబితాలో ఉండటం వేరు, పుట్టిన ప్రతి బిడ్డ చెవికీ బిరడా తగలడం వేరు. కేరళలో కొచ్చి వైద్యులు 2003లోనే ఒక మంచి దారి చూపించారు. ప్రతి ఆసుపత్రీ యంత్రం కొనాలని కూర్చోకుండా, యంత్రాన్నీ శిక్షణ పొందిన మనిషినీ నగరంలోని ఆసుపత్రులకు వంతులవారీగా తిప్పారు. పదివేల మందికి పైగా పిల్లల్ని చూసి, వెయ్యికి 1.6 మందిలో లోపాన్ని పట్టుకున్నారు. యాభై వేల జనాభా ఉన్న మన మండలంలో ఏడాదికి 800 కాన్పులు, అంటే రోజుకు రెండు మూడు పరీక్షలు. రెండు మూడు మండలాలకు కలిపి ఒక యంత్రం తిరిగితే చాలు. ఇది చేయలేనంత పెద్ద పని కాదు, చేయకపోవడాన్ని నేను సమర్థించలేను.

పుట్టినప్పుడు పరీక్ష తప్పిపోయినా మరో మూడు అవకాశాలు వెంటనే ఉన్నాయి. ఆరు, పది, పద్నాలుగు వారాలకు టీకాల కోసం ప్రతి బిడ్డా ఆరోగ్య కేంద్రానికి వస్తుంది. ఆ మూడింటిలో మొదటి రోజునే "చెవి పరీక్ష ఎక్కడ చేస్తారు?" అని ఏఎన్ఎంను అడగండి. పరీక్ష చేసిన తేదీ, రెండు చెవుల ఫలితం విడివిడిగా తల్లీబిడ్డల సంరక్షణ కార్డు మీద రాయించుకోండి. కాన్పు ఆసుపత్రిలో అయితే డిశ్చార్జి కాగితం చేతికి తీసుకునే ముందే అడగండి. చేయలేదంటే ఎక్కడికి పంపుతారో రాసివ్వమనండి. మీ ఇంట్లో మూడు నెలల బిడ్డ ఉండి, ఇప్పటిదాకా ఈ పరీక్ష కాకపోతే, ఈ వారంలోనే చేయించండి.